కర్నూలు నుంచి రాయితీ ప్రయాణం: ఎవరికి ఏ కాగితం కావాలి, ఏ బస్సులో చెల్లుతుంది

రాయితీ అనగానే చాలామంది ముందు పాసు కోసం వెతుకుతారు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 60 ఏళ్లు నిండినవారికి అసలు పాసే అక్కర్లేదు. వయసును చూపే గుర్తింపు కార్డు జేబులో ఉంటే చాలు. దివ్యాంగులకు మాత్రం పాసు కావాలి, ఆ పాసుకు ముందు వైద్యుల ధ్రువపత్రం కావాలి. విద్యార్థులకు పాసు కావడమే కాదు, గడువు తీరినప్పుడల్లా దానిని మళ్లీ పునరుద్ధరించుకోవాలి. ఈ మూడింటి తేడా తెలియకపోతే కౌంటరు దగ్గర ఒక పూట, బస్సులో కండక్టరుతో వాదనలో ఇంకొంత సేపు వృథా అవుతాయి. ఈ వ్యాసం కర్నూలును కేంద్రంగా పెట్టుకుని రాసినదే అయినా, ఇందులోని ఆర్టీసీ నిబంధనలు అనంతపురం, కడప వాసులకూ అంతే వర్తిస్తాయి.

కాగితాల కన్నా ముందు తెలుసుకోవలసింది బస్సు రకం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ ఒక కోవలోకి వస్తాయి. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఇంద్ర, అమరావతి వంటివి మరొక కోవలోకి వస్తాయి. ఒకే ఊరికి వెళ్లే రెండు బస్సులు పక్కపక్క ప్లాట్‌ఫారాల మీద నిలబడి ఉన్నా, మీ చేతిలోని రాయితీ ఒకదానిలో చెల్లి రెండవదానిలో చెల్లకపోవచ్చు. కాబట్టి ఊరి పేరున్న బోర్డు చదివినప్పుడే బస్సు రకాన్ని కూడా చదివే అలవాటు చేసుకోవాలి. సందేహం ఉంటే ఎక్కకముందే ఎంక్వైరీలో అడగాలి.

పెద్దవారు: పాసు లేకుండానే పావు వంతు తగ్గింపు

60 ఏళ్లు నిండిన స్త్రీలకు, పురుషులకు ఏపీఎస్ ఆర్టీసీ అన్ని రకాల బస్సులలో 25 శాతం రాయితీ ఇస్తుంది. కోవిడ్ కాలంలో నిలిపివేసిన ఈ రాయితీని 2022లో తిరిగి ప్రారంభించారు. ఛార్జీ 400 రూపాయలు అనుకుంటే సుమారు 100 రూపాయలు మిగులుతాయి. దూరప్రయాణంలో ఇది చిన్న మొత్తం కాదు. ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, రేషన్ కార్డు, సీనియర్ సిటిజన్ కార్డు వంటి వాటిలో వయసు తెలిపే ఏదో ఒకటి అసలు ప్రతి చూపిస్తే సరిపోతుంది. ఈ రాయితీకి చూసేది వయసే తప్ప చిరునామా కాదు. కొడుకు దగ్గర హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటూ ఆధార్‌ను అక్కడి చిరునామాకు మార్చుకున్న పెద్దవారు తమకు రాయితీ రాదనుకుని పూర్తి ఛార్జీ ఇచ్చేస్తుంటారు. అలా ఇవ్వవలసిన అవసరం లేదు.

ఇక్కడ ఒక చిన్న మెలకువ ఉంది. బస్సులో టికెట్ తీసుకునేటప్పుడు ఊరి పేరు చెప్పకముందే "సీనియర్ సిటిజన్" అని చెప్పి, కార్డును చేతిలో సిద్ధంగా ఉంచుకోవాలి. కండక్టరు చేతిలోని మిషన్‌లో రాయితీ టికెట్‌కు వేరే మీట ఉంటుంది. మామూలు టికెట్ కొట్టేసిన తరువాత సంచి అడుగు నుంచి కార్డు తీసి చూపిస్తే, ఆ టికెట్‌ను సరిచేయడం కండక్టరుకూ తలనొప్పే, వెనుక నిలబడినవారికీ ఆలస్యమే. ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేయించుకునేటప్పుడు కూడా ప్రయాణికుల వివరాలు నింపే చోట సీనియర్ సిటిజన్ అన్న వర్గాన్ని ఎంచుకోవాలి. వయసు గడిలో 67 అని వేసి, వర్గాన్ని మాత్రం మామూలుగా వదిలేసినవారు పూర్తి ఛార్జీ కట్టి, ప్రయాణం రోజున కండక్టరును తగ్గించమని అడగడం వల్ల ప్రయోజనం ఉండదు. టికెట్‌ను పిల్లలు వేరే ఊరి నుంచి బుక్ చేసి ఫోన్‌కు పంపే ఇళ్లలో ఈ పొరపాటు ఎక్కువ.

పాత ఆధార్ కార్డులలో కొన్నింటి మీద పుట్టిన తేదీ ఉండదు, సంవత్సరం మాత్రమే ఉంటుంది. ఆ సంవత్సరాన్ని బట్టి 60 నిండినట్లు స్పష్టంగా తెలిస్తే చిక్కు లేదు. సరిగ్గా 60వ సంవత్సరంలో ఉన్నవారు మాత్రం పూర్తి తేదీ ఉన్న మరో కార్డును తోడు తీసుకువెళ్లడం మంచిది. మన పల్లెల్లో పెద్దవారి వయసు కార్డు మీద ఒకటి, మనసులో ఒకటి ఉండడం కొత్త కాదు; బస్సులో లెక్కకు వచ్చేది కార్డు మీది వయసే.

మహిళలకు స్త్రీశక్తి: రాయితీలలో ముందు చూసుకోవలసింది ఇదే

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల పైన చెప్పిన మొదటి కోవలోని ఐదు రకాల బస్సులలో రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు ఛార్జీ లేకుండా ప్రయాణించవచ్చు. వయసుతో సంబంధం లేదు. అందువల్ల వృద్ధురాలైనా, దివ్యాంగురాలైనా, కాలేజీ విద్యార్థిని అయినా ఈ బస్సులలో వేరే రాయితీ పాసు కోసం తిరగనవసరం లేదు. అయితే టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు; గుర్తింపు కార్డు చూపించి కండక్టరు ఇచ్చే జీరో టికెట్‌ను దిగేవరకు దాచుకోవాలి. సీనియర్ రాయితీకి భిన్నంగా ఇక్కడ చిరునామా ముఖ్యం: కార్డు మీద ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉండాలి. ఫోన్‌లోని ఫొటో చాలదా అని వాదనకు దిగడం కన్నా అసలు కార్డునే పర్సులో పెట్టుకోవడం సుఖం.

ఈ రెండు నిబంధనలు కలిసినప్పుడు ఎలా ఉంటుందో ఒక ఇంటి ఉదాహరణతో చూద్దాం. భర్తకు 64 ఏళ్లు, భార్యకు 58 ఏళ్లు అనుకోండి. కర్నూలు నుంచి నంద్యాలకు ఎక్స్‌ప్రెస్‌లో వెళితే ఆమెకు జీరో టికెట్, ఆయనకు 25 శాతం తగ్గింపు టికెట్ వస్తాయి. అదే జంట విజయవాడకు సూపర్ లగ్జరీలో వెళితే ఆయనకు 25 శాతం తగ్గుతుంది. ఆమెకు 60 నిండలేదు కాబట్టి, ఆ బస్సులో స్త్రీశక్తి లేదు కాబట్టి పూర్తి ఛార్జీ పడుతుంది. రెండేళ్ల తరువాత ఆమెకు కూడా సూపర్ లగ్జరీలో పావు వంతు తగ్గుతుంది. అందుచేత 60 దాటిన మహిళలు స్త్రీశక్తి ఉన్నదని సీనియర్ రాయితీని మరచిపోకూడదు: మొదటి కోవ బస్సులో ఉచితం, రెండవ కోవ బస్సులో 25 శాతం.

సరిహద్దు జిల్లా కావడం వల్ల కర్నూలు వారికి మరొక చిక్కు ఉంది. స్త్రీశక్తి అంతర్రాష్ట్ర సర్వీసులలో వర్తించదు. హైదరాబాదు, గద్వాల, రాయచూరు వైపు వెళ్లే బస్సు ఎక్స్‌ప్రెస్ అయినా ఛార్జీ కట్టవలసిందే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం ఆ రాష్ట్ర మహిళలకు, కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి అమలులో ఉన్న శక్తి పథకం ఆ రాష్ట్ర మహిళలకు పరిమితం. బస్టాండులో మూడు రాష్ట్రాల బస్సులు వరుసగా నిలబడి ఉంటాయి కనుక, బస్సు మీద ఏ రాష్ట్ర ఆర్టీసీ అని ఉందో చూసి ఎక్కాలి. ఏపీఎస్ ఆర్టీసీ ఇచ్చే రాయితీ ఏపీఎస్ ఆర్టీసీ బస్సులోనే చెల్లుతుంది. ఆదోని పడమటి పల్లెల నుంచి సుగ్గికి, అంటే పనుల కోసం వలస, వెళ్లే కుటుంబాలలో ఆధార్‌ను పనిచేసే రాష్ట్రానికి మార్చుకునేవారు ఈ విషయాన్ని ఆలోచించుకుని మార్చుకోవాలి. చిరునామా మారితే సొంత ఊళ్లో ఉచిత ప్రయాణం పోతుంది.

దివ్యాంగులు: ముందు సదరం, తరువాతే పాసు

దివ్యాంగుల రాయితీలో ఆలస్యమంతా పాసు కౌంటరు దగ్గర జరగదు, దానికి ముందున్న ధ్రువపత్రం దగ్గర జరుగుతుంది. అందువల్ల ఎవరైనా సలహా అడిగితే నేను బస్టాండు సంగతి తరువాత, మొదట సచివాలయానికి వెళ్లమంటాను. మన రాష్ట్రంలో వైకల్యాన్ని శాతంతో సహా నిర్ధారించే పత్రం సదరం సర్టిఫికెట్. గ్రామ, వార్డు సచివాలయంలో గాని మీసేవలో గాని స్లాట్ బుక్ చేయించుకుంటే ఏ ఆసుపత్రికి, ఏ తేదీన రావాలో తెలియజేస్తారు. ఆ రోజున ఆధార్‌తో పాటు పాత వైద్య పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ జరిగి ఉంటే డిశ్చార్జి పత్రం, వినికిడి లోపమైతే ఇంతకుముందు చేయించిన పరీక్షల నివేదికలు అన్నీ ఒకే కవరులో పెట్టుకుని వెళ్లాలి. వైద్యుడు చూసేది కొద్ది నిమిషాలే; ఆ కొద్ది నిమిషాలలో మన పాత చరిత్రను చెప్పగలిగేవి ఆ కాగితాలే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, రాయితీలకు, పథకాలకు సాధారణంగా 40 శాతాన్ని కనీస హద్దుగా పెట్టింది. సర్టిఫికెట్ చేతికి రాగానే నాలుగు విషయాలు సరిచూసుకోవాలి: పేరు ఆధార్‌లో ఉన్నట్లే ఉందా, వైకల్యం రకం సరిగా రాశారా, శాతం ఎంత, అది శాశ్వతమా తాత్కాలికమా. తాత్కాలికమైతే మళ్లీ పరీక్ష చేయించుకోవలసిన గడువు దాని మీదే ఉంటుంది. ఆ తేదీ దాటిన సర్టిఫికెట్‌తో కొత్త పాసు రాదు. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా పాసు దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆధార్‌నో సర్టిఫికెట్‌నో ముందుగానే సరిచేయించుకోవాలి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరొక కాగితంలో పొడి అక్షరంగా ఉండడం మన దగ్గర మామూలు విషయం. మనుషులు దానిని సులువుగా అర్థం చేసుకుంటారు, కంప్యూటరు ఒప్పుకోదు.

దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా ఇదే సందర్భంలో తీసుకోదగినది. వేరే రాష్ట్రంలో చదువుకో, చికిత్సకో వెళ్లేవారికి సదరం కన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

సదరం చేతికి వచ్చాక బస్టాండులోని పాసుల కౌంటరుకు వెళ్లాలి. సర్టిఫికెట్ అసలు ప్రతి, దాని జిరాక్సు, ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు వెంట ఉండాలి. ఆర్టీసీ చాలాకాలంగా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో దివ్యాంగులకు సగం ఛార్జీ రాయితీ ఇస్తూ వచ్చింది. ఉచిత ప్రయాణాల విషయంలో ప్రభుత్వ ఆదేశాలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి కాబట్టి, పాసు తీసుకునే రోజున కౌంటరులో మూడు ప్రశ్నలు అడిగి తెలుసుకోవాలి: ఈ పాసు ఏయే బస్సులలో చెల్లుతుంది, తోడుగా వచ్చేవారికి ఏమైనా ఉందా, గడువు ఎప్పటివరకు. సమాధానాలను పాసు వెనుక కవరు మీద రాసి ఉంచుకుంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

కదలలేనివారు స్వయంగా కౌంటరుకు రావడం కష్టమైతే ఇంట్లోవారు ముందుగా ఒకసారి ఒంటరిగా వెళ్లి, ఏమేమి కావాలో, మనిషి తప్పనిసరిగా రావాలా అన్నది కనుక్కుని రావాలి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఒక జిరాక్సు తక్కువైందన్న కారణంతో రెండుసార్లు బస్టాండుకు తిప్పడం ఎవరికీ న్యాయం కాదు. పాసు ఇప్పిస్తామని బస్టాండు చుట్టుపక్కల తిరిగేవారికి, సదరంలో శాతం పెంచి ఇప్పిస్తామనేవారికి డబ్బు ఇవ్వకూడదు; రెండవది నేరం కూడా.

విద్యార్థులు: ఎక్కే స్టేజీ దగ్గరే అసలు లెక్క

ఐదేళ్లలోపు పిల్లలకు బస్సులో టికెట్ లేదు. ఐదు నుంచి 12 ఏళ్ల వరకు అర టికెట్. బడి పిల్లల పాసు దీనికి వేరు. 12 ఏళ్లలోపు బాలబాలికలకు, పదో తరగతి వరకు 18 ఏళ్లలోపు బాలికలకు ఇంటి నుంచి బడికి 20 కిలోమీటర్ల దూరం వరకు ఆర్టీసీ ఉచిత పాసు ఇస్తుంది. స్త్రీశక్తి వచ్చాక బాలికలకు పాసు అవసరం చాలావరకు తగ్గింది. కాబట్టి ఇప్పుడు పాసు ప్రధానంగా మగపిల్లల సమస్య: 12 దాటి ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చిన అబ్బాయికి ఉచిత పాసు పోయి రాయితీ పాసు మొదలవుతుంది. ఈ మార్పు తెలియక పాత పాసుతోనే ఎక్కిన పిల్లవాడిని దారిలో తనిఖీ సిబ్బంది ఆపితే భయపడేది వాడే. తప్పు మాత్రం ఇంట్లోవారిది.

దరఖాస్తు ఇప్పుడు ఆర్టీసీ బస్‌పాస్ వెబ్‌సైటులో నింపాలి. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ సంఖ్య, బడి లేదా కాలేజీ, అడ్మిషన్ నంబరు, ఫొటో అడుగుతారు. వీటిలో పెద్దగా కష్టం లేదు. జాగ్రత్త అవసరమైనది ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న గడి. అక్కడ రాయవలసింది ఊరి పేరు కాదు, బస్సు ఆగే స్టేజీ పేరు. నంద్యాల రోడ్డు మీద నన్నూరు పక్కన లోపలి పల్లెలో ఉండే అబ్బాయి రోజూ రోడ్డు మీదికి నడిచి వచ్చి బస్సు ఎక్కుతాడనుకోండి. వాడి పాసు మీద ఉండవలసింది వాడు ఎక్కే స్టేజీ. దిగే చోట కూడా అంతే: కాలేజీ ఊరి చివర ఉంటే కర్నూలు బస్టాండు అని రాసిన పాసు పనికి రాకపోవచ్చు, లేదా బస్టాండులో దిగి మరో బస్సు ఎక్కవలసి ఉంటే ఆ మారే చోటు కూడా పాసులో ఉండాలి. దరఖాస్తు నింపే ముందు ఆ దారిలో రోజూ తిరిగే కండక్టరును అడిగితే, ఏ స్టేజీ పేరు వేయాలో అర నిమిషంలో చెబుతారు. ఆ సమాచారం ఇంటర్నెట్ సెంటరు వారి దగ్గర దొరకదు.

నింపిన దరఖాస్తును ప్రింటు తీయించి, ప్రధానోపాధ్యాయుడు లేదా ప్రిన్సిపల్ సంతకం, ముద్ర వేయించి, బోనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు జతచేసి కౌంటరులో ఇవ్వాలి. సంతకం ఉండి ముద్ర లేకపోవడం, ముద్ర ఉండి తేదీ లేకపోవడం వల్ల వెనక్కి వచ్చే దరఖాస్తులు ఎక్కువ. జూన్ రెండో వారంలో బడులు తెరిచాక కౌంటరు దగ్గర వరుస బస్టాండు బయటిదాకా సాగుతుంది. అడ్మిషన్ ఖాయమైన వెంటనే బోనఫైడ్ తీసుకుని పెట్టుకున్నవారికి ఆ వరుస తప్పుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరేవారికి అడ్మిషన్ నంబరు ఆలస్యంగా వస్తుంది కాబట్టి వారు కొన్నాళ్లు టికెట్‌తోనే తిరగడానికి సిద్ధపడాలి.

రాయితీ పాసును నెలకో, అంతకు మించిన కాలానికో తీసుకోవచ్చు. ఎక్కువ కాలానికి ఒకేసారి తీసుకుంటే వరుసలో నిలబడే బాధ తగ్గుతుంది. కాలేజీ మారే అవకాశం ఉన్నవారు మాత్రం నెలవారీ తీసుకోవడమే మేలు. పాసును బస్సులో చేతికి తీసి చూపించాలి. జేబులో ఉందని చెప్పినంత మాత్రాన, పేరు తెలిసిన కండక్టరైనా వదిలిపెట్టనవసరం లేదు. పుస్తకాల సంచిలో తడిసి ఫొటో చెరిగిపోయిన పాసు కూడా చెల్లని పాసుతో సమానమే కనుక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి.

రైలులో నిబంధనలు వేరు

బస్సులో చెల్లింది రైలులోనూ చెల్లుతుందనుకోవడం మరొక సాధారణ పొరపాటు. రైల్వేలో వృద్ధులకు ఒకప్పుడు 60 నిండిన పురుషులకు 40 శాతం, 58 నిండిన మహిళలకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చి 20 నుంచి దానిని నిలిపివేశారు. మిగిలింది కింది బెర్తు సౌకర్యం: 60 ఏళ్లు నిండిన పురుషులకు, 45 ఏళ్లు నిండిన మహిళలకు ఉన్న ప్రత్యేక కోటాను బుకింగ్ సమయంలోనే ఎంచుకోవాలి. ఛార్జీలో తగ్గింపు కోసం అయితే కర్నూలు సిటీ స్టేషన్‌లో పెద్దవారు అడిగి ప్రయోజనం లేదు.

దివ్యాంగులకు మాత్రం రైల్వే రాయితీ కొనసాగుతోంది. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక దివ్యాంగులకు, మేధో వైకల్యం ఉన్నవారికి, పూర్తిగా చూపు లేనివారికి సెకండ్ క్లాసు, స్లీపర్, థర్డ్ ఏసీ, ఛైర్ కారులలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50 శాతం తగ్గుతుంది. వెంట వచ్చే ఒకరికి కూడా అంతే రాయితీ ఉంటుంది. రాజధాని, శతాబ్ది వంటి రైళ్లలో ఈ లెక్క వేరు. మాట, వినికిడి రెండూ పూర్తిగా లేనివారికి సెకండ్ క్లాసు, స్లీపర్‌లలో 50 శాతం. గమనించవలసింది ఏమిటంటే రైల్వే ఇక్కడ సదరం శాతాన్ని చూడదు, వైకల్యం స్వభావాన్ని చూస్తుంది. 60 శాతం సర్టిఫికెట్ ఉండి కూడా ఒంటరిగా తిరగగలిగినవారికి ఇది రాకపోవచ్చు. ప్రభుత్వ వైద్యుడు రైల్వే వారి నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రంతో దరఖాస్తు చేస్తే, రైల్వే డివిజన్ ఒక గుర్తింపు కార్డు ఇస్తుంది. ఆ కార్డు నంబరు వేస్తే కౌంటరులో గాని ఆన్‌లైన్‌లో గాని రాయితీ టికెట్ వస్తుంది. అనంతపురం, కడప, ఆదోని స్టేషన్లు గుంతకల్లు డివిజన్ కిందివి. ఇతర స్టేషన్ల వారు తమ స్టేషన్ ఏ డివిజన్‌లోనిదో స్టేషన్ మాస్టరును అడిగి ఆ డివిజన్‌కే దరఖాస్తు పెట్టాలి.

రోజూ రైలులో చదువుకు వెళ్లేవారికి ఒక మంచి సౌకర్యం ఉంది, దానిని వాడుకునేవారు తక్కువ: ఇంటి నుంచి విద్యాసంస్థకు వెళ్లి రావడానికి బాలికలకు డిగ్రీ వరకు, బాలురకు 12వ తరగతి వరకు సెకండ్ క్లాసు నెలవారీ సీజన్ టికెట్ ఉచితం. విద్యాసంస్థ ఇచ్చిన పత్రంతో స్టేషన్ కౌంటరులో అడగాలి. సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీలలో ఎక్కకూడదు.

రాయితీ నిరాకరించినప్పుడు

కండక్టరు రాయితీ ఇవ్వనంటే బస్సు ఆపించి గొడవ పడడం వల్ల నష్టపోయేది మీతో పాటు ప్రయాణించే 50 మంది. పూర్తి టికెట్ తీసుకుని, ఆ టికెట్‌ను పారేయకుండా ఉంచుకోండి. దాని మీద సర్వీసు వివరాలు, సమయం, టికెట్ నంబరు ఉంటాయి. వాటితో పాటు బస్సు నంబరును, మీరు చూపిన కార్డు ఏదో రాసుకుని ఆ బస్సు ఏ డిపోదో ఆ డిపో మేనేజరుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. డిపో పేరు బస్సు మీదే ఉంటుంది. ఆర్టీసీ కాల్ సెంటరు 149కు ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు; రైలు విషయమైతే 139. ఫిర్యాదులో కోపం కన్నా వివరాలు ఎక్కువ ఉండాలి: తేదీ, ఎక్కిన చోటు, దిగిన చోటు, చూపిన కార్డు, కట్టిన మొత్తం, కట్టవలసిన మొత్తం. ఇవి ఆరు వరుసల్లో పడతాయి. ఫిర్యాదు ప్రతి మీద డిపో ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.